సౌత్ ఆరెంజ్ అమ్మాయి లారిన్ హిల్

ర్యాప్ అనగానే మన పెద్దవాళ్ళలో చాలామంది మొహం చిట్లిస్తారు. "అది పాటా, తగాదానా?" అని అడిగినవాళ్ళలో మేమూ ఉన్నాం. పిల్లల గదిలోంచి వచ్చే హోరు తగ్గించమని తలుపు కొట్టినవాళ్ళమే. అలాంటి మమ్మల్ని కూర్చోబెట్టి ఒక రికార్డును మొదటినుంచి చివరిదాకా వినిపించిన మనిషి లారిన్ హిల్.

ఆవిడ 1975లో న్యూజెర్సీలో పుట్టింది. పెరిగింది సౌత్ ఆరెంజ్‌లో. మన తెలుగువాళ్ళు బోలెడుమంది ఉన్న ఎడిసన్‌కు అదేమంత దూరం కాదు. తండ్రిది కంప్యూటర్ల పని, తల్లి ఇంగ్లీషు టీచరు. అంటే మన ఇళ్ళలాంటి ఇల్లే. పదమూడో ఏట న్యూయార్క్ అపోలో థియేటర్లో ఔత్సాహికుల పోటీకి వెళితే జనం ముందు గోల చేశారు. అయినా పిల్ల పాట ఆపలేదు. కొలంబియా యూనివర్సిటీలో చేరింది గాని, పాట కోసం ఏడాది తిరిగేసరికి వదిలేసింది. ఈ వాక్యం చదివి మనలో ఎందరికి గుండె గుభేలుమంటుందో మాకు తెలుసు.

అప్పటికే ఆవిడ ప్రాస్ మిషెల్, వైక్లెఫ్ జాన్ అనే ఇద్దరితో ఒక జట్టులో ఉంది. ఆ ఇద్దరివీ హైతీ నుంచి వచ్చిన కుటుంబాలు. హైతీవాళ్ళను శరణార్థులంటూ వెక్కిరించే రోజులు. ఆ వెక్కిరింపు మాటనే కుదించి తమ జట్టుకు 'ఫ్యూజీస్' అని పేరు పెట్టుకున్నారు. 1996లో వచ్చిన వారి రెండో ఆల్బమ్ 'ద స్కోర్' ప్రపంచమంతా మారుమోగింది. రాబర్టా ఫ్లాక్ పాడిన పాత పాటను లారిన్ మళ్ళీ పాడితే, ర్యాప్ గిట్టనివాళ్ళు కూడా విన్నారు.

ఆవిడ గొప్ప ఎక్కడుందంటే, ర్యాప్ చెప్పేదీ తనే, పాడేదీ తనే. మన హరిదాసుగారు వచనం చెబుతూ చెబుతూ, తాళం తప్పకుండా కీర్తనలోకి జారిపోతారు చూడండి, కొంచెం అలాగన్నమాట. పోలిక పూర్తిగా అతకదనుకోండి.

1998లో ఒంటరిగా చేసిన ఆల్బమ్ 'ద మిస్‌ఎడ్యుకేషన్ ఆఫ్ లారిన్ హిల్'. ఈ పేరు 1933లో కార్టర్ వుడ్సన్ అనే నల్లజాతి చరిత్రకారుడు నీగ్రోలకు నేర్పుతున్న తప్పుడు చదువు గురించి రాసిన పుస్తకాన్ని గుర్తు చేస్తుంది. ఆల్బమ్ బడిగంటతో మొదలవుతుంది. మాస్టారు హాజరు పిలుస్తాడు. లారిన్ పేరు వస్తుంది, జవాబుండదు. పాటకూ పాటకూ మధ్య ఆ మాస్టారు పిల్లల్ని ప్రేమంటే ఏమిటని అడుగుతుంటాడు. ఆ గొంతు రాస్ బరాకాది. 2014లో ఆయనే నువార్క్ మేయరయ్యాడు.

అందులో కొడుకు జయాన్ మీద పాట ఒకటుంది. 1997లో, పేరు పైకి వస్తున్న వేళ ఆవిడ గర్భవతి. బిడ్డ సంగతి కాదు, భవిష్యత్తు సంగతి ఆలోచించుకోమని సలహా ఇచ్చినవాళ్ళున్నారు. ఆవిడ బిడ్డనే కన్నది, ఆ సంగతే పాట చేసింది. కార్లోస్ సాంటానా గిటారు వాయించాడు. రెసిడెన్సీ మధ్యలో బిడ్డను కన్న మన డాక్టరమ్మలు ఎవరైనా వింటే, ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

1999 ఫిబ్రవరిలో ఒక్క రాత్రి అయిదు గ్రామీలు వచ్చాయి. హిప్ హాప్ ఆల్బమ్ ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్ కావడం అదే మొదలు.

తరువాత కథ అంత సుఖంగా లేదు. ఆ పాటల తయారీలో పాలుపంచుకున్న నలుగురు నువార్క్ సంగీతకారులు తమకు రావలసిన పేరు రాలేదని కోర్టుకెళ్ళారు. 2001లో రాజీ అయింది. ఎవరి పాలెంతో మేము తేల్చలేం. మన నాటకాల కరపత్రంలో హార్మోనియం వాయించినాయన పేరు వదిలేస్తేనే ఏడాదిపాటు మాటలుండవు, ఇది కోట్ల డాలర్ల వ్యవహారం! 2002లో ఒంటరిగా గిటారు పట్టుకుని చేసిన కచేరీ రికార్డు వచ్చింది. విన్నవాళ్ళు కొందరు మెచ్చారు, కొందరు తికమకపడ్డారు. రెండో స్టూడియో ఆల్బమ్ మాత్రం రాలేదు. పన్ను కాగితాలు దాఖలు చేయనందుకు 2013లో మూడు నెలలు జైల్లో ఉంది. కచేరీలకు గంటలకొద్దీ ఆలస్యంగా వస్తుందన్న అపకీర్తి సరేసరి. టిక్కెట్టు కొన్నవాళ్ళ కోపం న్యాయమే.

అయినా ఒక్క పుస్తకంతో నిలిచిన కవులు మనకు లేరా? మళ్ళీ ఎందుకు రాయలేదని వారినెవరూ దోషిలా నిలబెట్టరు. ఆడమనిషినైతే అడుగుతూనే ఉంటారు. 2021లో ఆ ఒక్క ఆల్బమ్‌కే అమెరికాలో కోటి ప్రతుల లెక్కన డైమండ్ గుర్తింపు వచ్చింది.

వినదలచినవారు 'డూ వాప్' పాటతో మొదలుపెట్టండి. ముందు ఆడపిల్లలకు చీవాట్లు, తరువాత మగపిల్లలకు. ఆల్బమ్‌లో అక్కడక్కడ మొరటు మాటలు దొర్లుతాయి, చిన్నపిల్లలుంటే చూసుకోండి. పెద్దపిల్లలైతే వాళ్ళ దగ్గరే ఉండవచ్చు, అడిగి చూడండి.