ఛాతీ నొప్పి – గుండె సీటీ స్కాన్ ఎవరికి అవసరం?

ఇంట్లో పెద్దవారికి రాత్రిపూట ఛాతీలో నొప్పి వస్తే మనం మొదట అనే మాట "గ్యాస్ అయివుంటుంది" అని. ఒక సోడా, ఒక మాత్ర ఇచ్చి, తెల్లవారాక చూద్దాం అనుకుంటాం. చాలాసార్లు అది గ్యాసే కావచ్చు. కానీ గుండెపోటు అయితే తెల్లవారేలోగా గుండె కండరంలో కొంతభాగం శాశ్వతంగా దెబ్బతింటుంది. ఏది గ్యాసో, ఏది గుండెపోటో ఇంట్లో కూర్చుని తేల్చలేం. ఆసుపత్రిలో ఎలా తేలుస్తారో తెలుసుకుందాం.

మొదటి రెండు పరీక్షలు

ఛాతీ నొప్పితో వచ్చినవారికి 10 నిమిషాల లోపల ఈసీజీ తీయాలి. రక్తనాళం పూర్తిగా మూసుకుపోయినట్టు అందులో కనిపిస్తే స్కాన్ కోసం ఆగరు. నేరుగా యాంజియోగ్రామ్ చేసి పూడిక తొలగిస్తారు. ఆ సౌకర్యం దగ్గరలో లేకపోతే గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇస్తారు.

ఈసీజీ మామూలుగా ఉన్నంత మాత్రాన గుండెపోటు లేదని కాదు. గుండె కండరం దెబ్బతిన్నప్పుడు ట్రోపోనిన్ అనే ప్రోటీన్ రక్తంలోకి చేరుతుంది. అందుకే ఆ రక్తపరీక్షను కొన్ని గంటల తేడాతో రెండుసార్లు చేస్తారు. చాలామంది విషయం ఈ రెండు పరీక్షలతోనే తేలిపోతుంది.

సీటీ ఎవరికి?

ఈసీజీ, ట్రోపోనిన్ రెండూ స్పష్టంగా చెప్పలేని మధ్యరకం వారు కొందరుంటారు. ముఖ్యంగా ఇంతకుముందు గుండె జబ్బు లేనివారికి సీటీ స్కాన్ బాగా ఉపయోగపడుతుంది. చేతి నరంలోకి అయోడిన్ కలిసిన మందు ఎక్కించి, కొన్ని సెకన్లు ఊపిరి బిగపట్టమని చెప్పి, గుండె రక్తనాళాల చిత్రాలు తీస్తారు. గుండె వేగంగా కొట్టుకుంటుంటే చిత్రం చెదురుతుంది కాబట్టి ముందుగా వేగం తగ్గించే మందు ఇస్తారు. రక్తనాళాల్లో పూడిక ఏమీ లేదని తేలితే రోగిని ధైర్యంగా ఇంటికి పంపవచ్చు.

అమెరికాలో 9 ఆసుపత్రులలో 1000 మందిపై జరిగిన అధ్యయనం ఫలితాలు 2012లో వెలువడ్డాయి. సీటీ చేసినవారిలో 47 శాతం మంది అత్యవసర విభాగం నుంచే ఇంటికి వెళ్లగలిగారు. మామూలు పద్ధతిలో అలా వెళ్లినవారు 12 శాతమే. అయితే బ్రిటన్‌లో 1748 మందిపై జరిగి 2021లో వెలువడిన మరో అధ్యయనంలో, మధ్యస్థ ప్రమాదం ఉన్నవారందరికీ ముందుగానే సీటీ చేసినా ఏడాదిలో మరణాలు, గుండెపోట్లు తగ్గలేదు. అంటే ఇది అందరికీ చేయవలసిన పరీక్ష కాదు. డాక్టరు ఎంచి చేయించవలసినది.

ముందే చెప్పవలసినవి

కిడ్నీ జబ్బు, ఆస్తమా, గతంలో ఇలాంటి మందు పడకపోవడం, గర్భం, షుగర్‌కు వాడే మాత్రలు – ఇవన్నీ డాక్టరుకు చెప్పాలి. ఈ స్కాన్‌లో ఎక్స్‌రే కిరణాలు వాడతారు. అందువల్ల ఏ నొప్పీ లేకుండా "ఒకసారి చూసుకుందాం" అని సొంతంగా చేయించుకోవడం మంచిది కాదు.

మన ప్రాంతంలో

కాడుగోడికి దగ్గరలో, వైట్‌ఫీల్డ్‌లో 2001లో ప్రారంభమైన శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య విజ్ఞాన సంస్థ గుండె చికిత్సను ఉచితంగా అందిస్తోంది. బన్నేరుఘట్ట రోడ్డులో జయదేవ హృద్రోగ సంస్థ ఉంది. అయితే నొప్పి వచ్చిన ఆ క్షణంలో ఏది పెద్ద ఆసుపత్రి, ఏది ఉచితం అని వెతుకుతూ ట్రాఫిక్‌లో కాలం పోగొట్టుకోకూడదు. 24 గంటల అత్యవసర విభాగం ఉన్న దగ్గరి ఆసుపత్రికే ముందు వెళ్లాలి. 108కు ఫోన్ చేయాలి. రోగి స్వయంగా బండి నడపకూడదు. చెమటలు పట్టడం, నొప్పి ఎడమచేతికి గానీ దవడకు గానీ పాకడం, ఆయాసం – వీటిని అసలు అశ్రద్ధ చేయరాదు. ఆడవారిలోనూ, షుగర్ ఉన్నవారిలోనూ నొప్పి అంతగా లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే కనిపించవచ్చు.

విద్యార్థులకు ఒక మాట

సీటీ యంత్రం నడిపేది శిక్షణ పొందిన టెక్నాలజిస్టులు. పీయూసీ సైన్సు చదివినవారికి మెడికల్ ఇమేజింగ్‌లో బీఎస్సీ కోర్సు ఉంది. వైద్యరంగం అంటే ఎంబీబీఎస్ ఒక్కటే కాదు. ఈ కోర్సు గురించి కూడా తల్లిదండ్రులతో కలిసి ఆలోచించండి. అంతకంటే ముందు, ఈ రాత్రికే 108 నంబరునూ, మీ ఇంటికి దగ్గరి ఆసుపత్రి నంబరునూ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి.