పదో స్థానంలో వచ్చినవాడి కోసం అంత హడావిడి ఎందుకు?

2021 నవంబర్ 14. స్పెయిన్‌లోని వలెన్సియా ట్రాక్ మీద మోటోజీపీ సీజన్ చివరి రేసు. గెలిచింది ఫ్రాంచెస్కో బన్యాయా. కానీ రేస్ అయ్యాక తోటి రైడర్లు, మెకానిక్‌లు అందరూ చుట్టుముట్టింది పదో స్థానంలో వచ్చిన 42 ఏళ్ల మనిషిని. పేరు వాలెంటినో రోస్సీ. అది అతని ఆఖరి రేసు.

బైక్ రేసులు చూడని ఫ్రెండ్స్ నన్ను ఎప్పుడూ ఒకటే అడుగుతారు: "ఆ ఏడాది మొత్తం మీద 18వ స్థానంలో ఉన్నవాడి రిటైర్మెంట్‌కి మీ ఫ్యాన్స్ అంత ఏడ్చారేంట్రా?" న్యాయమైన ప్రశ్నే. జవాబు రెండు ముక్కల్లో అయ్యేది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

ముందు లెక్కలు చూద్దాం. రోస్సీ ఇటలీలో తవుల్లియా అనే చిన్న ఊళ్లో పెరిగాడు. నాన్న గ్రాజియానో కూడా రేసరే, 46 నంబర్ ఆయన దగ్గర నుంచి వచ్చిందే. 1997లో 125 సీసీ క్లాస్‌లో, 1999లో 250లో, 2001లో 500లో ఛాంపియన్ అయ్యాడు. ఆ 500 క్లాసే 2002లో మోటోజీపీగా మారింది. అందులో 2002, 2003, 2004, 2005, 2008, 2009 టైటిల్స్ కూడా అతనివే. మొత్తం 9 టైటిల్స్, 115 విజయాలు. ఛాంపియన్ అయినవాడు మరుసటి ఏడాది బండి మీద 1 నంబర్ వేసుకోవచ్చు. రోస్సీ మాత్రం 46 వదల్లేదు.

అయితే లెక్కలే కారణం అనుకుంటే, జకోమో అగోస్తిని అనే పాతతరం రైడర్‌కి 15 టైటిల్స్, 122 విజయాలు ఉన్నాయి. అంటే విషయం ఇంకెక్కడో ఉందన్నమాట.

నా దృష్టిలో మొదటి కారణం 2004. అంతకుముందు మూడేళ్లూ హోండా మీద వరసగా గెలిచాడు. "బండి గొప్పది కాబట్టి గెలుస్తున్నాడు" అనేవాళ్లు అప్పుడు చాలామందే. రోస్సీ హోండా వదిలేసి యమహాకి వెళ్లాడు. 2003 సీజన్ మొత్తంలో యమహా ఒక్క రేసు కూడా గెలవలేదు, దాని చివరి టైటిల్ 1992 నాటిది. తన చీఫ్ మెకానిక్ జెరెమీ బర్జెస్‌ని కూడా వెంట తీసుకెళ్లాడు.

అక్కడ ఇంజనీర్ మసావో ఫురుసావా టీమ్ కొన్ని రకాల ఇంజిన్లు తయారుచేసి పెట్టింది. రోస్సీ ఎంచుకున్నది క్రాస్‌ప్లేన్ క్రాంక్ ఉన్నది. మామూలు నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో సిలిండర్లు సమానమైన గ్యాప్‌తో ఫైర్ అవుతాయి. ఇందులో గ్యాప్‌లు హెచ్చుతగ్గులుగా ఉంటాయి. దీని గొప్పతనం పవర్‌లో లేదు. యాక్సిలరేటర్ తిప్పినప్పుడు వెనక టైరు రోడ్డుని ఎంత పట్టుకుంటోందో రైడర్‌కి ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. పేపర్ మీద నంబర్ల కంటే చేతికి తెలిసేదాన్ని నమ్మాడన్నమాట. సౌతాఫ్రికాలోని వెల్కోమ్‌లో యమహా మీద మొదటి రేసే గెలిచాడు. బైక్ ఆపి, దానికి ముద్దు పెట్టాడు. ఆ ఏడాది టైటిల్ కూడా కొట్టాడు. అదే క్రాస్‌ప్లేన్ ఐడియా 2009లో రోడ్డు మీద తిరిగే యమహా ఆర్1 లోకి వచ్చింది.

రెండో కారణం వింతగా అనిపించొచ్చు: అతను ఓడిపోయిన తీరు. 2006లో ఆఖరి రేసులో కిందపడి, నిక్కీ హేడెన్‌కి 5 పాయింట్ల తేడాతో టైటిల్ పోగొట్టుకున్నాడు. 2011, 2012 డుకాటి మీద రెండేళ్లలో ఒక్క విజయం కూడా లేదు. మళ్లీ యమహాకి వచ్చి 2015లో పదో టైటిల్ అంచు దాకా వెళ్లాడు. సెపాంగ్‌లో మార్క్ మార్కెజ్‌తో గొడవ పడ్డాడు, ఇద్దరూ తగులుకుని మార్కెజ్ కిందపడ్డాడు. దాంతో పెనాల్టీ పడి, ఆఖరి రేసు అందరికంటే వెనక నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. నాలుగో స్థానం దాకా వచ్చినా సరిపోలేదు. లోరెంజో ఛాంపియన్, తేడా మళ్లీ 5 పాయింట్లే. 2006లో, 2015లో ఆ ఆఖరి రేసు జరిగింది వలెన్సియాలోనే.

ఇక్కడ ఫ్యాన్‌గా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ తర్వాత ఏళ్ల తరబడి పసుపు టీషర్ట్ జనం మార్కెజ్ కనపడితే చాలు గోల చేసి వెక్కిరించారు. మన దగ్గర హీరోల ఫ్యాన్ వార్స్ చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. రోస్సీ లెగసీలో ఇది కూడా ఒక భాగం, దాన్ని చెరిపేసి మిగతాది మాత్రమే చెప్పుకోవడం నాకు నచ్చదు.

ఇక అసలు ప్రశ్న. 2017లో ఆసెన్‌లో ఆఖరిసారి గెలిచాడు. తర్వాత నాలుగేళ్లు గెలుపు లేకుండా ఎందుకు తిరిగాడు? అప్పుడే ఆపేసి ఉంటే పరువు నిలిచేది కదా అని ఫ్యాన్స్‌లోనే సగం మంది అంటారు.

నేను ఒప్పుకోను. ఎందుకంటే ఆ ఏళ్లలో రేసుకీ రేసుకీ మధ్య అతనేం చేస్తున్నాడో చూడాలి. తవుల్లియాలో తన సొంత మట్టి ట్రాక్ ఉంది, ర్యాంచ్ అంటారు. అక్కడ ఇటలీ కుర్రాళ్లని చేరదీసి అకాడమీ నడిపాడు. బన్యాయా, మోర్బిడెల్లి, బెజెక్కి, తమ్ముడు లూకా మరీని, అందరూ అక్కడివాళ్లే. వాళ్లతో కలిసి తనూ మట్టిలో పోటీపడేవాడు. తనకి తెలిసిందంతా చెప్పాడు, వాళ్లు వచ్చి తననే ఓడించారు. ప్లేస్‌మెంట్ ప్రిపరేషన్ నోట్స్‌ని తన ఇంటర్వ్యూ అయ్యేదాకా దాచుకునే సీనియర్లు మనకి తెలుసు. ఇతను ఇంకా పోటీలో ఉండగానే ఇచ్చేశాడు.

ఇప్పుడు వలెన్సియా రేసుని మళ్లీ చూడండి. ఆ రోజు అకాడమీ కుర్రాళ్లు రోస్సీ పాత హెల్మెట్ డిజైన్లు పెట్టుకుని వచ్చారు. గెలిచిన బన్యాయా తల మీదా రోస్సీ డిజైనే. పదో స్థానంలో వచ్చినవాడి ఖాతాలో మొదటి స్థానంలో కూడా కొంత వాటా ఉందని నేననేది అందుకే. అదే బన్యాయా 2022లో ఛాంపియన్ అయ్యాడు. 2009లో రోస్సీ తర్వాత మోటోజీపీ టైటిల్ గెలిచిన మొదటి ఇటాలియన్ అతనే.

మనకి దగ్గరి సంగతి ఒకటి. 2023 సెప్టెంబర్‌లో గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్‌లో ఇండియాలో మొదటి మోటోజీపీ రేస్ జరిగింది. గెలిచింది మార్కో బెజెక్కి, రోస్సీ అకాడమీ కుర్రాడు, రోస్సీ సొంత టీమ్ బైక్ మీద.

సెమిస్టర్ గ్యాప్‌లో టైం దొరికితే 2004 వెల్కోమ్ రేసు, 2021 వలెన్సియా రేసు రెండూ వరసగా చూడండి. వలెన్సియాలో ముందున్నవాళ్లని వదిలేసి, కెమెరా ఎప్పుడెప్పుడు 46 వైపు వెళ్తుందో గమనించండి.