తిప్పితేనే రుచి... హులీ హులీ చికెన్!

హవాయి దీవుల్లో బడికి నిధులు కావాలన్నా, ఆటల జట్టుకు డబ్బు పోగేయాలన్నా మైదానంలో కోళ్లు కాలాల్సిందే! విరాళాల కోసం అక్కడ అమ్మే ఆ వంటకమే హులీ హులీ చికెన్. 1955లో ఎర్నెస్ట్ మోర్గాడో అనే కోళ్ల వ్యాపారి, రైతుల సమావేశంలో తల్లి చేసే సాస్ పట్టించి కోళ్లను కాల్చిపెట్టాడు. అందరికీ తెగ నచ్చేసింది. హవాయి భాషలో హులీ అంటే తిప్పడం. కాల్చే కియావే కట్టె మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టమే.

ఇంట్లో చేయాలంటే... అరకప్పు పైనాపిల్ రసం, పావుకప్పు చొప్పున సోయాసాస్, బెల్లం తురుము, చెంచా అల్లంవెల్లుల్లి ముద్ద కలపాలి. ఉప్పు అక్కర్లేదు. సగం సాస్ పక్కన పెట్టి, మిగతా దాంట్లో గాట్లు పెట్టిన అరకిలో లెగ్‌పీసుల్ని రెండు గంటలు ఫ్రిజ్‌లో నానబెట్టాలి. తాజా పండు రసమైతే అంతకు మించి ఉంచకూడదు. అందులోని బ్రొమెలైన్ అనే ఎంజైమ్ మాంసాన్ని మెత్తటి ముద్దలా చేసేస్తుంది.

పెనం మీద మూతపెట్టి, సన్నసెగన తిప్పుతూ ఉడికించాలి. అసలు చిక్కల్లా బెల్లంతోనే. తొందరగా మాడుతుంది కాబట్టి పైన నల్లబడినా లోపల పచ్చిగానే ఉండొచ్చు. అందుకే పక్కన పెట్టిన సాస్‌ను విడిగా చిక్కబడేదాకా మరిగించి, ముక్కలు పూర్తిగా ఉడికాక చివరి అయిదు నిమిషాల్లో పూయాలి. నానబెట్టిన సాస్‌కు పచ్చిమాంసం తగిలింది కదా, దాన్ని మాత్రం పారబోయాల్సిందే. తీపి, ఉప్పు, పులుపు కలిసిన ఈ ముక్కలు వేడన్నంలోకి భలే ఉంటాయి!