పాత మందు - కొత్త ఆశ

క్యాన్సర్ అనగానే మనకు కణితి గుర్తుకు వస్తుంది. కాని చాలామంది రోగుల ప్రాణాలను హరించేది మొదట పుట్టిన కణితి కాదు. ఆ వ్యాధి ఇతర అవయవాలకు పాకడం. రొమ్ములో పుట్టిన క్యాన్సర్ ఎముకలకు, ఊపిరితిత్తులకు, కాలేయానికి, మెదడుకు వ్యాపించవచ్చు. ఒకచోట ఉన్న కణితిని శస్త్రచికిత్సతో తొలగించవచ్చు. పలుచోట్ల వేళ్లూనిన వ్యాధిని నిర్మూలించడం కష్టం. అందుచేత ఈ వ్యాప్తిని అరికట్టే మార్గాన్ని శాస్త్రజ్ఞులు అన్వేషిస్తున్నారు. ఆ అన్వేషణలో వారి దృష్టి ఒక పాత గుండె మందుపై నిలిచింది. అదే డిగాక్సిన్.

ఈ మందుకు మూలం ఒక పూలమొక్క. దాని పేరు ఫాక్స్‌గ్లోవ్. ఇంగ్లండులో ఒక వృద్ధురాలు ఒళ్లు నీరుపట్టినవారికి ఇచ్చే నాటుమందులో గుణం ఈ మొక్కదేనని విలియం విదరింగ్ అనే వైద్యుడు గ్రహించాడు. పదేళ్లు పరిశీలించి, 1785లో తన అనుభవాలను గ్రంథస్థం చేశాడు. ఆ జాతికే చెందిన మరొక మొక్క నుండి 1930లో డిగాక్సిన్‌ను వేరుచేశారు. గుండె బలహీనపడినవారికి, గుండె లయ తప్పినవారికి వైద్యులు నేటికీ దీనిని ఇస్తున్నారు.

గుండె మందుకూ క్యాన్సర్‌కూ సంబంధమేమిటి? కణితి నుండి విడివడిన కణాలు రక్తంలో ప్రవేశిస్తాయి. ఒంటరిగా పయనించే కణాలలో అధికభాగం దారిలోనే నశిస్తాయి. కొన్ని మాత్రం ఒకదానినొకటి అంటిపెట్టుకొని గుంపుగా సాగుతాయి. ఒంటరి కణాల కంటే ఈ గుంపులకు కొత్త కణితిని పుట్టించే శక్తి 23 నుండి 50 రెట్లు అధికమని 2014లో ఎలుకలపై జరిగిన పరిశోధన తెలిపింది. ఐకమత్యమే బలమన్న సూత్రం శత్రువుకూ వర్తిస్తుందన్నమాట.

ఆ గుంపును విడదీసే మందు కోసం స్విట్జర్లాండులో నికోలా అచేటో బృందం, అప్పటికే వాడుకకు అనుమతి పొందిన 2,486 ఔషధాలను పరీక్షించింది. పాత మందుల గుణదోషాలు వైద్యులకు ముందే తెలుసు గనుక కాలమూ ధనమూ ఆదా అవుతాయి. ఒక రోగానికి పుట్టిన మందు మరొక రోగానికి ఉపయోగపడటం కొత్త కాదు. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు ఆధ్వర్యంలో అమెరికాలో రూపొందిన క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్‌ను నేడు కీళ్లవాతానికి కూడా వాడుతున్నారు.

డిగాక్సిన్ తరగతికి చెందిన మందులు ఎలుకలలో క్యాన్సర్ కణాల గుంపులను విడదీసి, వ్యాప్తిని తగ్గించాయని 2019లో ఆ బృందం ప్రకటించింది. ప్రతి కణం తనలోని సోడియంను బయటికి పంపి, పొటాషియంను లోనికి తెచ్చుకుంటుంది. డిగాక్సిన్ ఈ పనిని అడ్డుకుంటుంది. ఫలితంగా కణంలో సోడియం, దానివెంట కాల్షియం పెరుగుతాయి. కాల్షియం పెరిగితే గుండె కండరం బలంగా ముడుచుకుంటుంది. క్యాన్సర్ కణాల గుంపులో మాత్రం కణానికీ కణానికీ మధ్యనున్న బంధం సడలుతుంది.

అనంతరం రొమ్ము క్యాన్సర్ ఇతర అవయవాలకు పాకిన 9 మంది రోగులకు ఒక వారంపాటు డిగాక్సిన్ ఇచ్చి పరీక్షించారు. గుంపుల పరిమాణం సగటున సుమారు రెండు కణాల మేరకు తగ్గిందని 2025లో వెల్లడించారు. ఇది చిన్న ఫలితమే. ఈ మందు క్యాన్సర్ కణాలను చంపలేదు. రోగుల ఆయుర్దాయాన్ని పెంచుతుందని ఈ పరీక్షలో రుజువు కాలేదు. పైగా డిగాక్సిన్‌లో మేలుచేసే మోతాదుకూ కీడుచేసే మోతాదుకూ ఉన్న అంతరం స్వల్పం. మోతాదు మించితే గుండె లయే తప్పి, ప్రాణాపాయం కలుగవచ్చు. కనుక వైద్యుని పర్యవేక్షణ లేకుండా దీనిని వాడరాదు.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత మనకు ఉంది. చిరపరిచితమైన దానిలోని విలువను మనం గుర్తించలేమని దాని భావం. ఆ పొరపాటును సరిదిద్దేది పరిశోధన. అయితే ఆశకూ రుజువుకూ మధ్య ఉన్న దూరాన్ని ఓర్పుతో నడిచినప్పుడే అది రోగికి నిజమైన మేలు చేస్తుంది.