నలభై సెకన్ల చీర

గూడూరు మగ్గాన్ని ఒక వెబ్‌సైట్‌లోకి ఎక్కించబోయి నేర్చుకున్న సంగతులు

"వీడియో పెట్టల్లన్నా. ఫొటోలు ఎవురూ నమ్మడం ల్యా ఇప్పుడు."

గూడూరులో చీరలు నేయించి అమ్మే షావుకారు ఫోన్లో అన్న మాట ఇది. నేను కర్నూల్లో కూర్చుని చిన్నాచితకా వ్యాపారాలకు వెబ్‌సైట్లు కట్టిచ్చేవాణ్ని. ఆయన సైటూ నేను కట్టిందే. చీర ఫొటో, ధర, వాట్సాప్ నంబరు, అంతే. దానికో వీడియో తగిలించడం ఒక పూట పని అనుకున్నాను. మూడు వారాలు తిరిగాను.

ఆయన అన్నది అబద్ధం కాదు. చీర ఫొటో ఎవరైనా పెడతారు. కొన్ని రకాల బట్టలను చేనేతకే కేటాయిస్తూ 1985లో చట్టం వచ్చింది. ఇది చేత్తో నేసిందే అని చెప్పే హ్యాండ్లూమ్ మార్క్ 2006లో వచ్చింది. అయినా ఆరంగుళాల తెర మీద మగ్గం చీరా, మరమగ్గం చీరా ఒకే తీరుగా మెరుస్తాయి. తేడా తెలియాలంటే మగ్గం దగ్గరికి పోవాలి. బెంగళూరులోనో డాలస్‌లోనో ఉన్నామె గూడూరు ఎట్లా వస్తుంది?

వస్తానన్నా ముందు ఊరి పేరుతోనే తంటా. గూడూరు అనగానే అందరికీ తట్టేది నెల్లూరు వైపు రైలు జంక్షను. కృష్ణా జిల్లాలో ఒక గూడూరు, మహబూబాబాద్ జిల్లాలో మరొకటి. మన గూడూరు కర్నూలుకు పడమట, కోడుమూరుకు దగ్గర్లో. వీడియోలో మగ్గం ఎంత బాగా ఆడుతున్నా, గూగుల్ ముందుగా పట్టుకునేది దాని పక్కన మనం రాసిన మాటల్నే. అందుకే వీడియో పేరులోనే 'కర్నూలు జిల్లా గూడూరు' అని ఉండాలన్నాను. "మా ఊరికి కూడా ఇంటిపేరు పెట్టల్లనా!" అని నవ్వాడు షావుకారు.

ఈ పడమటి వైపు నేతకు కొరత ఎన్నడూ లేదు. ఆదోనిలో పత్తి మార్కెట్టు, ఎమ్మిగనూరులో మగ్గాలు, తుంగభద్ర దాటితే రాజోలి, ఇంకొంచెం పోతే గద్వాల. కొరతంతా అంగడికే. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘాన్ని నిలబెట్టింది ఆ కొరత తీర్చడానికే. ఆ పెద్దాయనను ఇప్పటికీ ఆ ఊళ్లో పద్మశ్రీ సోమప్ప అనే పిలుచుకుంటారు. అప్పట్లో సరుకు కొనేవాడి చేతికి చేరేది, కొనేవాడు వేళ్లతో తడిమి చూసుకునేవాడు. ఫోన్లో కొనేవాళ్లకు ఆ తడుముడు లేదు. వీడియో చేయాల్సింది ఆ వేళ్ల పని.

చక్రం తిరిగింది

షావుకారు మేనల్లుడు కొత్త ఫోనుతో మూడు నిమిషాలు తీసి పంపాడు. ఫోర్ కే. ఫైలు దగ్గర దగ్గర ఒక జీబీ. ఉన్నదున్నట్టు సైట్‌లోకి ఎక్కించాను. నా గదిలో వైఫై మీద కాలవలా పారింది. మర్నాడు గూడూరు పోయి, నేసే ఆయన ఫోన్లోనే తెరిచి చూపించబోతే తెర మధ్య గుండ్రంగా తిరిగే చక్రం తప్ప ఏమీ లేదు.

"ఇదేందన్నా, రాట్నం చూపిస్తావు?" అన్నాడాయన.

తప్పు నాదే. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకు వేసుకునే మనిషి ఈ వీడియో ఒక్కసారి చూస్తే, ఆనాటి డేటాలో మూడింట రెండొంతులు దీనికే పోతాయి. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవకైన మాట నిజమే, చూసేవాళ్ల ఓపిక మాత్రం పెరగలేదు. ఇక వెయ్యి మంది చూస్తే వెయ్యి జీబీ. ఆ భారం మోసేది నెలకు ఇంతని అద్దెకు తీసుకున్న ఒక చిన్న సర్వరు.

వీడియోను నొక్కి చిన్నది చేసే పద్ధతులు చాలా ఉన్నాయి. నేను పట్టుకున్నది హెచ్.264, 2003 నాటిది. ముసలిదే, కానీ దాన్ని చదవలేని ఫోను దాదాపు లేదు. 2018లో వచ్చిన ఏవీ1 ఇంకా చిన్నగా నొక్కుతుంది గానీ పాత ఫోన్లు దానితో ఆయాసపడతాయి. ఐఫోన్లు 2017 నుంచి హెచ్ఈవీసీ అనే ఇంకో పద్ధతిలో వీడియో దాస్తున్నాయి. దాన్ని మార్చకుండా సైట్‌లో పెడితే కొందరికి బొమ్మ బదులు నల్ల డబ్బా కనిపిస్తుంది.

అసలు కిటుకు నొక్కడంలో లేదు, తీయడంలో ఉంది. ఈ పద్ధతులన్నీ ఒక బొమ్మకూ దాని తర్వాతి బొమ్మకూ మధ్య మారినదాన్నే రాసుకుంటాయి, మారనిదాన్ని వదిలేస్తాయి. ఫోను చేత్తో పట్టుకుని తీస్తే గోడ కూడా ఊగుతుంది, అంటే అంతా మారినట్టే లెక్క, ఫైలు ఉబ్బుతుంది. ఫోనును స్టాండు మీద బిగిస్తే పేక నూలును అటూ ఇటూ మోసే నాడె కదులుతుంది, చేతులు కదులుతాయి, మిగతా ఇల్లంతా కుదురుగా ఉంటుంది. రెండోసారి నేనే పోయి అట్లా తీశాను. నలభై సెకన్లు. 720 గీతల నాణ్యత, సెకనుకు ఒకటిన్నర మెగాబిట్లు. మొత్తం ఏడున్నర ఎంబీ. వెయ్యి మంది చూసినా ఏడున్నర జీబీయే.

మగ్గపు గుంట ఉండే గది చీకటి. ట్యూబ్‌లైటు వేసి తీస్తే తెర మీద నల్ల పట్టీలు పాకాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని మీద ఆ లైటు సెకనుకు వంద సార్లు మిణుకుతుంది. మన కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. షట్టరును సెకనులో యాభయ్యో వంతుకు పెడితే పట్టీలు పోయాయి. అయినా చిలకపచ్చ చీర పాచిరంగులోకి తిరగడం ఆగలేదు. చివరికి లైటు ఆర్పి, తలుపు తీసి, పొద్దున తొమ్మిదింటి ఎండలో తీశాం. ఆన్‌లైన్లో చీర కొన్నవాళ్లకు సర్వసాధారణంగా వచ్చే కోపం రంగు మీదనే. ఆ ఒక్కదాని కోసం ఇంకో పూట పోయినా నష్టం లేదనిపించింది.

ఇదంతా ఎందుకు, యూట్యూబ్‌లో పెట్టి సైట్‌లో అతికించొచ్చు కదా అని మీరు అడగొచ్చు. చాలాచోట్ల నేనూ అదే చేస్తాను. బరువు వాళ్లే మోస్తారు, చూసేవాళ్ల నెట్ తీరును బట్టి నాణ్యత తగ్గిస్తూ పెంచుతూ పంపిస్తారు. గంటసేపటి వీడియో అయితే అక్కడే పెట్టాలి. కానీ అది వాళ్ల ఇల్లు. ముందు ప్రకటన రావొచ్చు, అయ్యాక ఇంకేదో చూడమని పిలుపు రావొచ్చు. అంగట్లోకి వచ్చినామెకు చీర పరిచి చూపిస్తూ వీధి తలుపు తెరిచి పెట్టినట్టు ఉంటుంది. నలభై సెకన్ల దానికి మన గూడే చాలు. ఒకప్పుడు ఇట్లా సొంతంగా పెట్టుకోవాలంటే ఫ్లాష్ అనేదాన్ని బతిమాలుకోవాల్సి వచ్చేది. 2020 చివరి రోజుతో దాని కథ ముగిసింది. ఇప్పుడు బ్రౌజర్లే నేరుగా వీడియో ఆడిస్తాయి.

గాజుల చెయ్యి

షావుకారు ఇంకో కోరిక కోరాడు. "చీరంతా అర నిమిషంలో అయిపోయేటట్టు చూపియ్యన్నా. గబగబా." టైమ్ ల్యాప్స్ అన్నమాట. అందరూ అడిగేదే. వెనకాల సినిమా పాట కూడా అడుగుతారు. పాట హక్కులు మనవి కావని చెబితే ముఖం మాడ్చుకుంటారు.

నేను ఒప్పుకోలేదు. అర నిమిషంలో తయారైన చీరను చూసినామె, ఇంత ధర ఎందుకని అడగదా? అక్కడే కూర్చుని లెక్క వేశాను. ఆరు మీటర్ల చీరకు రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఐదు రోజులు పడుతుందనుకుందాం. నలభై గంటలు. అంటే ఉన్న వేగంతో చూపిస్తే నలభై సెకన్లలో పెరిగే బట్ట రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. బియ్యపుగింజ మందం. ఆ మాటనే వీడియో కింద రాద్దామన్నాను: 'మీరు చూస్తుండగా ఈ చీర బియ్యపుగింజంత పెరిగింది.' షావుకారు కాసేపు గడ్డం గీరుకుని, సరే రాయమన్నాడు.

1895 మార్చిలో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో లూమియేర్ అన్నదమ్ములు తీసిన బొమ్మ కూడా ఇంచుమించు ఇంతే నిడివి, నలభై ఆరు సెకన్లు. వాళ్ల సొంత ఫ్యాక్టరీ గేటు, అందులోంచి బయటికొస్తున్న పనివాళ్లు, ఎక్కువమంది ఆడవాళ్లే. ఆ ఏడు డిసెంబరు 28న పారిస్‌లో టికెట్టు పెట్టి చూపించారు. యజమాని తన పనివాళ్లను తీసిన వీడియోతోనే సినిమా బతుకు మొదలైందనొచ్చు. చిత్రమేమిటంటే అందులో పని లేదు, పని ముగించుకుని పోతున్నవాళ్లే ఉన్నారు.

మేనల్లుడి వీడియోలోనూ ఒక లోపం ఉంది. అది నాకు ఫైలు బరువు గొడవలో పడి మొదట తట్టలేదు. ఫోను నిలువుగా పట్టుకుని తీశాడు. నిలువు బొమ్మలో నేసే మనిషి ఒక్కడే పట్టాడు. తెర అంచులోంచి మాటిమాటికీ ఒక చెయ్యి వచ్చి నాడె అందుకుని పోతుంది. గాజులున్న చెయ్యి. ఇక్కడ నేసేది గద్వాల తరహా చీర: ఒంటికి నూలు, అంచులకూ కొంగుకూ పట్టు. ఒంటి పేకకు ఒక నాడె, రెండంచులకు రెండు. మూడు నాడెలు ఒక్క మనిషికి అందవు. పక్కన ఇంకొకరు కూర్చుని నాడె అందుకుని తిప్పి పంపాల్సిందే. ఈ ఇంట్లో కూర్చునేది ఆయన భార్య.

ఫోనును అడ్డంగా తిప్పితే ఇద్దరూ పడతారు. చూసేవాళ్లు మాత్రం ఫోను నిలువుగానే పట్టుకుంటారు, వాళ్లకు అడ్డం వీడియో చిన్న పట్టీలా కనిపిస్తుంది. నిలువు వీడియోలే జనం చూస్తారని మేనల్లుడు వాదించాడు. వాదన తప్పు కాదు. కానీ సగం మగ్గాన్ని కోసేసి ఇది అసలైన చేనేత అని ఎట్లా రాయను? అడ్డంగానే తీశాం. అడ్డంగా తీయడంతో ఇంకో లాభం కలిసొచ్చింది. చివరి ఎనిమిది సెకన్లలో బట్టను తిరగేసి, ఒంటి నూలూ అంచు పట్టూ ఒకదానిలో ఒకటి పెనవేసుకున్న చోటును దగ్గరగా చూపించాం. వెనకవైపు చూడకుండా చీర కొనే ఆడమనిషి మా వైపు లేదు.

ఇక చప్పుడు. మగ్గం అంటే నాకు కంటికన్నా ముందు చెవికి గుర్తొస్తుంది. కానీ పేజీ తెరవగానే వీడియో దానంతట అది ఆడాలంటే నోరు మూసుకునే ఆడాలి. క్రోమ్ 2018 నుంచి అట్లాగే కట్టడి చేసింది, ఐఫోన్ అంతకు రెండేళ్ల ముందు మూగ వీడియోలకే తలుపు తీసింది. మంచి కట్టడే, బస్సులో పక్కవాడి ఫోను ఉన్నట్టుండి అరవకుండా ఉంటుంది. మేము కూడా మొదట మూగగానే ఆడించి, మీద ఒక మీట పెట్టాం. దాని మీద మామూలుగా ఉండే స్పీకరు బొమ్మ తీసేసి 'మగ్గం చప్పుడు వినండి' అని రాశాను. కింద తెలుగులో, కన్నడంలో, ఇంగ్లిషులో రెండేసి వరుసల మాటలు. బళ్లారి, రాయచూరు కొనుగోలుదారులు షావుకారుకు పాతవాళ్లే మరి.

పెట్టాక మళ్లీ గూడూరు పోయాను. ఈసారి ఆయన ఫోను కాదు, ఆమె ఫోను అడిగాను. అద్దం మూలన పగిలిన పాత ఫోను. పేజీ తెరుచుకుంది, చక్రం తిరగలేదు. ఆమె మగ్గం పక్కన కూర్చునే చోటే కూర్చుని, తనే ఆ మీట నొక్కింది. ఫోన్లోంచి టకటక మొదలైంది. లోపలి గదిలో ఉన్న రెండో మగ్గం ఆగలేదు, రెండు చప్పుళ్లూ కొంతసేపు కలిసి, కొంతసేపు తప్పి నడిచాయి. నలభై సెకన్లు అయ్యాయి. ఆమె తెర వైపు ఇంకా చూస్తూనే ఉంది.

"ఇంగా కొంగు కాల్యా గదన్నా," అంది. "అప్పుడే అయిపాయనా?"