పట్టుపురుగు వద్దంది... మనకు తప్పదు!

గద్వాల చీర అంచులో మెరిసే పట్టుకు, మన గొంతులోని థైరాయిడ్‌ గ్రంథికి ఓ చిత్రమైన సంబంధం ఉంది. దాని పేరు సెలీనియం. కంటికి కనిపించనంత చిన్న మోతాదులో మనిషికి ప్రాణావసరమైన ఈ ఖనిజాన్ని పట్టుపురుగు ఏనాడో పక్కన పెట్టేసింది. ఎలా? ఎందుకు?

తుంగభద్ర ఒడ్డున ఉన్న రాజోలిలో మగ్గం చప్పుడే పలకరింపు. జోగులాంబ గద్వాల జిల్లాలోని ఈ ఊరు చేనేతకు పెట్టింది పేరు. 2009 అక్టోబరులో వచ్చిన వరద ఊరిని ముంచెత్తితే మగ్గాలు, నూలు, పట్టు అన్నీ నీళ్లపాలయ్యాయి. అయినా ఇక్కడి నేతన్నలు నాడె వదల్లేదు.

గద్వాల చీర సంగతి తెలిసిందే. చీరంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు పేకనూ పట్టు పేకనూ పోగుపోగుకీ ముడివేసి కలిపే ఆ నేర్పునే కుప్పడం అంటారు. నూలు చేలో పండే పత్తి నుంచి వస్తుంది. పట్టు మాత్రం ఓ పురుగు ఒంట్లో తయారవుతుంది. పట్టు ధర పెరిగిన ప్రతిసారీ ఆ బరువు పడేది మగ్గం మీదే. అందుకే పురుగుకు ఏం పెడితే ఎక్కువ పట్టు ఇస్తుందన్న ప్రశ్న మల్బరీ రైతుకే కాదు, రాజోలి నేతన్నకూ ముఖ్యమైనదే.

చంద్రుడి పేరు పెట్టుకుంది

పట్టుపురుగు తినేది ఒక్క మల్బరీ ఆకే. నెల తిరక్కుండానే నాలుగుసార్లు పొర విడుస్తుంది. రైతులు దీన్ని ‘జ్వరం’ అంటారు. నాలుగో జ్వరం నుంచి లేచాక ఇక ఆకలే ఆకలి! జీవితకాలంలో తినే ఆకులో ఎక్కువ భాగం ఆ చివరి వారంలోనే తినేస్తుంది. ఆ తర్వాత చంద్రికల మీదికి చేరి గూడు కట్టుకుంటుంది. ఒక్కో గూటిలో ఉండేది ఒకే దారం. పొడవు దాదాపు కిలోమీటరు!

సెలీనియంకూ చంద్రుడి పేరే ఉండటం తమాషా. 1817లో స్వీడన్‌ శాస్త్రవేత్త బెర్జీలియస్‌ దీన్ని కనుగొని, గ్రీకుల చంద్రదేవత సెలీని పేరు పెట్టాడు. ఇది నేలలో ఉంటుంది. నేల నుంచి మొక్కకు, మొక్క నుంచి దాన్ని తినే పురుగుకూ పశువుకూ మనిషికీ చేరుతుంది. పెద్దవాళ్లకు రోజుకు 40 నుంచి 55 మైక్రోగ్రాములు చాలు. ఆ లెక్కన ఒక్క గ్రాము ఒక మనిషికి 50 ఏళ్లకు సరిపోతుంది.

మనకు 25... పురుగుకు సున్నా

ఇంత కొంచెంతో అంత అవసరమేమిటి? మన శరీరంలో సెలీనియం ఉంటే తప్ప సరిగా పనిచేయని ప్రోటీన్లు కొన్ని ఉన్నాయి. వాటికి సంబంధించిన జన్యువులు మనలో 25. ఆ ప్రోటీన్లలో కొన్ని థైరాయిడ్‌ హార్మోనును పనికొచ్చే రూపంలోకి మారుస్తాయి. కొన్ని కణాలను దెబ్బతీసే వ్యర్థాలను విరిచేస్తాయి. చైనాలోని కేషాన్‌ ప్రాంతంలో గుండె కండరం బలహీనపడే జబ్బు ప్రబలితే, అక్కడి నేలలో సెలీనియం లేమి దానికి ముఖ్య కారణమని తేలింది.

అంత ముఖ్యమైనది కాబట్టి జంతువులన్నిటికీ తప్పనిసరి అనుకున్నారు. పట్టుపురుగు జన్యుపటం ముసాయిదా 2004లో, తేనెటీగది 2006లో బయటికొచ్చాయి. బార్సిలోనాకు చెందిన చార్లెస్‌ చాపుల్‌, రోడెరిక్‌ గిగో వీటిని ఇతర కీటకాల జన్యువులతో పోల్చి 2008లో ఓ వింత చెప్పారు. పట్టుపురుగులో సెలీనియం ప్రోటీన్లు ఒక్కటీ లేవు! తేనెటీగలో లేవు. మన వంటింటి డబ్బాల్లో తిరిగే ఎర్ర పిండి పురుగులోనూ లేవు. అరటిపళ్ల చుట్టూ మూగే చిన్న ఈగలో మాత్రం మూడు మిగిలాయి.

మరి ఇవి ఎలా బతుకుతున్నాయి? కొన్ని ప్రోటీన్లను పూర్తిగా వదిలేశాయి. కొన్నిటిలో సెలీనియం ఉండాల్సిన చోట గంధకం పెట్టుకుని పని నడిపిస్తున్నాయి. గంధకం ఆకుల్లో దండిగా దొరుకుతుంది కదా!

పోలికే ముప్పు

సెలీనియం, గంధకం అన్నదమ్ముల్లాంటివి. ఆ పోలికే కొంప ముంచుతుంది. సెలీనియం ఎక్కువైతే శరీరం దాన్ని గంధకమని పొరబడి ప్రోటీన్లలో ఇరికించేస్తుంది. ప్రోటీన్లు పాడవుతాయి. పంజాబ్‌లోని నవాన్‌షహర్‌, హోషియార్‌పూర్‌ ప్రాంతాల్లో కొన్ని నేలల్లో సెలీనియం మోతాదు మించి ఉంది. ఆ గడ్డి మేసిన పశువులకు వెంట్రుకలు రాలడం, గిట్టలు ఊడటం కనిపించాయి.

కీటకాలకూ అంతే. అమెరికాలో 2012లో వెలువడిన ఓ పరిశోధనలో సెలీనియం కలిపిన చక్కెర నీళ్లను తేనెటీగలు పసిగట్టలేక తాగేశాయి. మోతాదు మించినవి చనిపోయాయి. అక్కడి పశ్చిమ ప్రాంతంలో ఆవాల కుటుంబానికి చెందిన ఓ మొక్క ఒళ్లంతా సెలీనియం నింపుకుని పురుగుల్ని తరిమేస్తుంది. కానీ క్యాబేజీ రైతుల్ని ఏడిపించే డైమండ్‌ బ్యాక్‌ మాత్‌లో ఓ రకం ఆ మొక్కనే తిని హాయిగా బతుకుతోందని 2006లో తేలింది. మొక్క దాచుకున్న సెలీనియంను విషంగా మారనివ్వకుండా అలాగే ఒంట్లో దాచుకోవడమే దాని కిటుకు.

ఆకు మీద చల్లొచ్చా?

చైనాలో పట్టుపురుగులకు సెలీనియం కలిపిన మల్బరీ ఆకు పెట్టి చూశారు. కొద్ది మోతాదులో ఎదుగుదల మెరుగైంది. మోతాదు పెరగ్గానే అదే సెలీనియం పురుగుకు హాని చేసింది. మేలుకూ కీడుకూ మధ్య గీత అంత సన్నం. అది ప్రయోగశాలలో కొలిచి వేసే మోతాదు, కంటి అంచనాతో పంపులో కలిపి కొట్టేది కాదు. ఒక్క పొరపాటుతో పంట మొత్తం పోతే నష్టం రైతు దగ్గరే ఆగదు. నేతన్న కొనే పట్టు ధరలోనూ కనిపిస్తుంది. తాజా ఆకు, శుభ్రమైన షెడ్డు, రోగం లేని గుడ్లు... అనుభవజ్ఞులైన రైతుల నమ్మకం ఇప్పటికీ వీటి మీదే.

మనకూ అదే సూత్రం. రోజుకు 400 మైక్రోగ్రాములు దాటితే జుట్టు రాలడం, గోళ్లు పెళుసెక్కడం మొదలు కావచ్చు. అందుకే డాక్టరు చెప్పకుండా సెలీనియం మాత్రలు మింగొద్దు. గుడ్లు, చేపలు, పప్పులు, ధాన్యాలు మార్చి మార్చి తింటే సాధారణంగా సరిపోతుంది.

పట్టుపురుగుకు ఒక్క ఆకు చాలు. మనకు మాత్రం పళ్లెంలో నాలుగు రకాలు ఉండాల్సిందే!