లోపలి కన్ను, వెలుపలి కన్ను

మన సంఘం ఆఫీసుకు వచ్చేవారు పెళ్ళిసంబంధాల పుస్తకం తిరగవేసి, ఇక లేచి వెళ్ళబోతూ అడిగే ప్రశ్న ఒకటి ఈమధ్య ఎక్కువైంది. "ఇంటికి కెమేరా పెట్టిద్దామని ఉన్నదండీ. గుండ్రంగా, బోర్లించిన గిన్నె మాదిరి ఉంటుందే, ఆ డోము రకం. ఇంటిలోపల పెట్టేది చాలునా, బయట పెట్టే గట్టి రకమే కొనాలా? ధరలో చాలా తేడా ఉన్నదే!"

మేము ఇంజనీర్లము కాము. మెట్రిక్యులేషన్‌తో చదువు ముగించి, పగలు ఒక ఆఫీసులో పద్దులు వ్రాసుకుంటూ, సాయంకాలాలు సంఘం ఫైళ్ళు చూచుకునే గుమాస్తాలము. ఐనా ఈ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత మాకు ఒక విధంగా వచ్చింది. తప్పు చేసి నేర్చుకున్నాము. ఆ తప్పేమిటో ముందు చెప్పి, తరువాత సంగతికి వస్తాము.

కినత్తుకడవులో మనవారి కల్యాణమండపానికి నాలుగు కెమేరాలు పెట్టించాలని కమిటీ తీర్మానించినప్పుడు కొటేషన్లు తెప్పించి, వరుసగా పేర్చి, సభ్యుల ముందు ఉంచినది మేమే. హాలులోకి రెండు, వంటశాలలోకి ఒకటి, పాత్రలగది వెనుక తలుపుకు పైన, బయటివైపు ఒకటి. నాలుగూ ఒకే రకం, అంటే లోపల పెట్టే రకం, తీసుకుంటే బాగా కలిసివస్తుందని కొట్టువారన్నారు. "వెనుక తలుపుకు సన్‌షేడ్ ఉన్నది గదా సార్, తడవదు" అని కూడా అన్నారు. మాకు న్యాయంగానే తోచింది. ఖర్చు తగ్గినదని మినిట్సు పుస్తకంలో మా చేత్తోనే వ్రాశాము. వ్రాస్తూ కొంచెం గర్వపడ్డామని కూడా ఒప్పుకోవాలి.

అంతలో గాలికాలం వచ్చింది. పొల్లాచ్చి రోడ్డు వెంబడి కాపురముండేవారికి దాని సంగతి చెప్పనక్కరలేదు. పాలక్కాడు కనుమలోనుండి నైరుతి గాలి దూసుకువస్తే మన ఊళ్ళలో తుంపర పైనుండి పడదు, ప్రక్కనుండి వస్తుంది. గొడుగు వేసుకున్నవాని తల తడవదు గాని పంచె తడిసిపోతుంది. సన్‌షేడ్ క్రింద ఉన్న కెమేరా గతీ అంతే అయింది. ఐతే ఆ సంగతి మేము గమనించలేదు. ఆడి నెల గనుక ముహూర్తాలు లేవు, మండపం మూసి ఉన్నది, టీవీలో బొమ్మ ఎట్లా వస్తున్నదో చూచే అవసరం ఎవరికీ కలగలేదు.

ఆ నెలలోనే పాత్రలగదిలో రెండు పెద్ద ఇత్తడి గంగాళాలు కనబడలేదు. కాపలా ఉండే పెద్దాయనను పిలిచి అడిగాము. "సాయంత్రం వానలో మనవాళ్ళే చిన్న వ్యానులో వచ్చి ఎత్తుకుపోయినారయ్యా. ఆఫీసులో చెప్పినామన్నారు" అన్నాడు. మా రిజిస్టరులో అట్టి పద్దు లేదు. సరే, కెమేరా ఉన్నది గదా అని రికార్డు తీసి చూచాము. బొమ్మ అంతా పాలు ఒలికినట్లు తెల్లగా ఉన్నది. ఆ తెలుపులో ఏదో నీడ వచ్చింది, పోయింది. అది మనిషో, ఎద్దో, వ్యానో చెప్పడానికి లేదు. కమిటీవారు ఒకరి ముఖం ఒకరు చూచుకున్నారు. దొంగ అని ఎవరూ అనలేదు. అననక్కరలేకపోయింది. పెద్దాయన తాళంచెవి బల్ల మీద పెట్టి, తుండుగుడ్డ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

మూడు వారాల తరువాత గంగాళాలు చింతపండుతో తోమి తళతళలాడుతూ తిరిగి వచ్చాయి. మన కుటుంబాలలో ఒకరు కులదైవం పూజకు తీసుకువెళ్ళారట. కమిటీ సభ్యులొకరికి ఫోనులో చెప్పారట. ఆయన మాకు చెప్పడం మరచిపోయారు.

బొమ్మ ఎందుకట్లా తెల్లబడిందో మాకు తరువాత ఒక మెకానిక్కు విప్పి చూపించాడు. డోము కెమేరాలో అసలు కన్ను, అంటే లెన్సు, లోపల ఉంటుంది. దాని మీద ప్లాస్టిక్కు బుడగ కప్పుతారు. లోపల పెట్టే రకానికి ఆ బుడగ చేత్తో త్రిప్పితే ఊడివచ్చేంత తేలికగా ఉంటుంది, అంచున రబ్బరు బిగింపు ఉండదు. తేమ లోపలికి పోయి బుడగకు మంచు పట్టినట్లు పడుతుంది. చీకటి పడగానే కెమేరా తన ఎర్రని దీపాలనుండి కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు విసురుతుంది. ఆ వెలుతురు వెలుపలికి పోకుండా నీటిబొట్లకు తగిలి తిరిగి లెన్సులోనే పడుతుంది. ఎదుట నిలిచిన మనిషి కనబడడు, తన వెలుతురే తనకు కనబడుతుంది.

బయట పెట్టే రకం గుల్ల వేరు. సాధారణంగా లోహపు ఒడలు, పాలికార్బొనేట్ అనే గట్టి బుడగ, అంచు చుట్టూ రబ్బరు పట్టీ, మామూలు స్క్రూడ్రైవరుకు లొంగని నక్షత్రపు తల మరలు. పెట్టె మీద రెండు గుర్తులుంటాయి. కొట్టులో వీటిని వ్రేలితో చూపించమని అడగండి. మొదటిది ఐ.పి. అంకె. 66 అంటే మొదటి ఆరు దుమ్ము చొరదని, రెండవ ఆరు గట్టిగా చిమ్మిన నీటికి ఓర్చుకుంటుందని. 67 ఐతే మీటరు లోతు నీటిలో అరగంట మునిగినా ఫరవాలేదని. మన గాలివానకు 66 చాలును. రెండవది ఐ.కె. అంకె. అది దెబ్బకు కొలత. ఐ.కె. 10 అంటే 20 జౌళ్ళ దెబ్బకు ఓర్చుకోవాలి. గుమాస్తా భాషలో చెప్పాలంటే, ఐదు కిలోల బరువు 40 సెంటీమీటర్ల ఎత్తు, అంటే మూరకు కొంచెం తక్కువ, నుండి పడినా గుల్ల పగలరాదు. ఐ.కె. 08 ఐతే 5 జౌళ్ళే. ఈ రెండు గుర్తులకూ ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు సుమండీ. నీటికి ఓర్చేది దెబ్బకు ఓర్చకపోవచ్చును. ఒకటి చూపించి రెండూ ఉన్నాయని అమ్మేవారున్నారు.

ఇక్కడ మన ప్రాంతం వారికి ఒక్క మాట. ఒకటిన్నర కిలోల కొబ్బరికాయ పది మీటర్ల ఎత్తునుండి పడితే దాని దెబ్బ దాదాపు 147 జౌళ్ళు. అంటే ఐ.కె. 10 ఓర్చుకునేదానికి ఏడు రెట్లకు పైమాటే. మోటారు షెడ్డుకు కెమేరా పెట్టించేవారు ఎంత గట్టి రకం కొన్నా సరే, చెట్టు క్రింద మాత్రం పెట్టవద్దు. పొల్లాచ్చి కొబ్బరికాయ ముందు ఏ కంపెనీవారి గ్యారంటీ నిలవదు.

దెబ్బ సంగతి ఎందుకు, ఎత్తుగా బిగిస్తే ఎవరికీ అందదు గదా అని మమ్మల్ని చాలామంది అడిగారు. అందదు, నిజమే. కాని పదిహేను అడుగుల ఎత్తునుండి చూస్తే నడినెత్తులు, తలపాగాలు కనబడతాయి గాని ముఖాలు కనబడవు. ముఖం తెలియాలంటే ఎనిమిది, పది అడుగుల లోపే ఉండాలి. అంత తక్కువలో ఉంటే కర్రకు అందుతుంది, రాయికి అందుతుంది, పిల్లల క్రికెట్టు బంతికీ అందుతుంది. ఈ చిక్కుకు విరుగుడుగానే గట్టి డోము పుట్టింది. పైగా దాని కన్ను ఏ వైపు తిరిగి ఉన్నదో క్రింద నిలిచినవానికి చప్పున తెలియదు. గొట్టం ఆకారపు కెమేరాను కర్రతో తోసి ఆకాశం వైపు త్రిప్పవచ్చును. డోమును అట్లా త్రిప్పలేరు. కాబట్టి వీధి తలుపు, వెనుక తలుపు, గేటు, ఈ మూడుచోట్ల ధరకు వెనుదీయవద్దని మా సలహా.

అట్లాగని లోపలి రకాన్ని తీసిపారవేయనక్కరలేదు. హాలులో, బీరువా ఉన్న గదిలో, కొట్టు గల్లాపెట్టె పైన అదే నయం. తేలిక, చవక, విప్పి లెన్సు సర్దుకోవడం సులభం. చేయి అందని కప్పుకు లోహపు గుల్ల బిగించడం వృథాయే. ఐతే లోపల అనే మాటకు అర్థం పైన కప్పు ఉండడం కాదు. మా వంటశాల కెమేరాకు నాలుగు గోడలూ, కప్పూ ఉన్నాయి. రెండు పెళ్ళిళ్ళకే సాంబారు ఆవిరి, నూనె పొగ చొరబడి దాని లోపల జిడ్డు పేరుకుపోయింది. అక్కడ బయటి రకమే పెట్టవలసి వచ్చింది. మన పూర్వపు తొట్టికట్టు ఇండ్లలో నడిమ వాకిలి కూడా అంతే. ఇల్లు లోపలే గాని వాన ఇంట్లోనే పడుతుంది. తిన్నెల పైన వసారా చూరూ అంతే. తేమ, దుమ్ము, పొగ, పరాయి చేయి, వీటిలో ఏదైనా చేరగలిగితే అది బయటే అనుకోండి.

గట్టి డోము కొంటే చింత తీరిపోదు. బుడగ మీద గీతలు పడితే రాత్రి వెలుతురు చెదిరిపోతుంది. ఇంట్లో పనివారు ఇత్తడి తోమినట్లు బూడిదతో, పీచుతో తోమకుండా చూచుకోవాలి. మెత్తని తడిగుడ్డ చాలును. సాలెపురుగుకు ఆ వెచ్చదనం మహా ఇష్టం. దాని గూడు నెలకొకసారైనా దులపాలి. సున్నం వేసిన గోడకు మరీ దగ్గరగా పెడితే గోడ తెలుపే వెలుతురును తిరిగి కొడుతుంది. ముఖ్యంగా, వానరోజున మూత విప్పకూడదు. ఆనాటి తేమనే లోపల పెట్టి బిగించినట్లవుతుంది. ఎండ మధ్యాహ్నం విప్పి, పెట్టెతో వచ్చిన సిలికా జెల్ పొట్లం లోపల ఉన్నదో లేదో చూచి, రబ్బరు పట్టీ మడతపడకుండా బిగించాలి. తీగెల అతుకును బయట వ్రేలాడనీయకుండా మూతపెట్టెలో దాచాలి. మాకు తెలిసిన ఒక ఇంట్లో ఖరీదైన కెమేరా కొని, అతుకును గాలికి వదిలివేశారు. త్రుప్పు పట్టి నాలుగు నెలలకే బొమ్మ ఆగిపోయింది.

రికార్డు ఎన్నాళ్ళు నిలుస్తుందన్న లెక్క మాత్రం మా వృత్తికి దగ్గరిది గనుక చెబుతాము. ఒక కెమేరా సెకనుకు 2 మెగాబిట్లు వ్రాస్తే రోజుకు 21.6 గిగాబైట్లు. నాలుగింటికి 86.4. ఒక టెరాబైటు డిస్కు పదకొండు, పన్నెండు రోజులకు నిండి, పాతది చెరిపి క్రొత్తది వ్రాసుకుంటుంది. గంగాళాలు పోయినట్లు మాకు తెలిసిన రోజు ఇంకొంచెం ఆలస్యమై ఉంటే ఆ పాలబొమ్మ కూడా మిగిలేది కాదు. ముప్పై రోజులు కావాలంటే మూడు టెరాబైట్లు పెట్టుకోవాలి.

కొనేటప్పుడు ఇంకొకటి అడగాలి. కేంద్రప్రభుత్వం 2024 ఏప్రిల్‌లో ప్రకటించిన భద్రతా నిబంధనలు 2025 ఏప్రిల్ 9 నుండి అమలులోకి వచ్చాయి. ఇంటర్నెట్టు ద్వారా పరులు మన కెమేరాలో దూరి చూడకుండా పరీక్షింపబడినదా అన్నది వాటిలో ముఖ్యం. పాత నిల్వ సరుకును చవకగా అంటగట్టేవారి విషయంలో జాగ్రత్త. బొమ్మను కోర్టులో సాక్ష్యంగా చూపించాలంటే 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య చట్టం 63వ సెక్షను ప్రకారం సర్టిఫికెట్టు జతచేయాలి. కనుక డిస్కును మనమే పీకి చేతులు పెట్టక, రికార్డరును అట్లాగే ఉంచి తెలిసినవారిని పిలవడం మంచిది. పెళ్ళికూతురి గది, స్త్రీలు బట్టలు మార్చుకునే చోటు, ప్రక్కవారి పెరడు, వీటి వైపు ఏ కన్నూ తిరగకూడదని వేరే చెప్పాలా?

మండపం వెనుక తలుపుకు ఇప్పుడు ఐ.పి. 67, ఐ.కె. 10 గుర్తులున్న డోము పెట్టించాము, తొమ్మిది అడుగుల ఎత్తున. పాతదానిని హాలులోకి మార్చాము. ఎండిన తరువాత అది అక్కడ చక్కగా పనిచేస్తున్నది. పాత్రలు అరువిచ్చే రిజిస్టరులో, తీసుకువెళ్ళేవారి సంతకానికి ఎదురుగా కాపలావారి సంతకానికి కూడా ఒక గడి గీశాము.

బిగింపు అయిన సాయంత్రం పెద్దాయన ఇంటికి వెళ్ళి, జరిగినది మా పొరపాటేనని చెప్పి, రమ్మని అడిగాము. ఆయన ఇక పనిలోకి రానన్నాడు. మేము మళ్ళీ అడిగాము. ఊరకే చూచి పోతానని మాత్రం వచ్చాడు. చీకటి పడినది, తుంపర పడుతున్నది. వెనుక తలుపు ముందు తుండుగుడ్డ తలకు చుట్టుకుని నిలిచి, "ఇప్పుడు ముఖం తెలుస్తున్నదా అయ్యా?" అని కేక వేశాడు. మేము లోపల టీవీ ముందు ఉన్నాము. తెలుస్తున్నదన్నాము. "తుండుగుడ్డ రంగు?" అన్నాడు. రాత్రిపూట ఇవి నలుపు తెలుపులలోనే చూస్తాయని, రంగు తెలియదని చెప్పాము. ఆయన కొంచెంసేపు అక్కడే నిలిచి, తల మీది గుడ్డ తీసి, ముఖం పైకెత్తి, ఇంకొకసారి చూడమన్నాడు.

కొటేషన్లు, బిల్లులు, విప్పిన పాత బుడగ ఒకటి మా బల్ల సొరుగులో ఉన్నాయి. ఆదివారం ఉదయం పది గంటల తరువాత ఎవరైనా వచ్చి చూచుకోవచ్చును.